ఎర్ర రాతి తోరణాల దారిలో

2008వ సంవత్సరం ఆగస్టు 4వ తేదీ రాత్రికీ 5వ తేదీ ఉదయానికీ నడుమ, అమెరికాలోని యూటా రాష్ట్రపు ఎడారిలో ఒక రాతి తోరణం కూలిపోయింది. దాని పేరు వాల్ ఆర్చ్. 22 మీటర్ల వెడల్పున పరచుకొని, ఆ ప్రాంతంలోని తోరణాలన్నింటిలో పరిమాణాన్ని బట్టి 12వ స్థానంలో నిలిచిన కట్టడం అది. కట్టడం అన్నామే గాని దానిని కట్టినవారు మనుషులు కారు. అది కూలుతుండగా చూసినవారు కూడా లేరు. ముందునాడు దాని పక్కగా నడిచిపోయిన యాత్రికులకు అది నిలిచే కనిపించింది. మరునాడు వచ్చినవారికి కాలిబాటపై బండల కుప్ప ఎదురయింది. కారణమేమని అడిగినవారికి గురుత్వాకర్షణ, శిలాక్షయం అని రెండే మాటలలో అధికారులు సమాధానం చెప్పారు.

ఈ నెల ఆ ప్రదేశాన్ని గురించీ, అక్కడి తోరణాల వద్దకు కుటుంబసమేతంగా కాలినడకన వెళ్ళడాన్ని గురించీ పాఠకులతో కొన్ని విషయాలు పంచుకోదలిచాము. మన ఇళ్ళలో పిల్లలు అమెరికాలో స్థిరపడినవారు తక్కువేమీ కాదు. వారిని చూడడానికి వెళ్ళిన తల్లిదండ్రులను న్యూయార్క్ వీధులకూ, నయాగరా జలపాతానికీ తిప్పి తీసుకురావడం ఆనవాయితీ అయింది. అవి చూడవలసినవే. అయితే ఆ దేశంలో కళ్ళతో పాటు కాళ్ళకు కూడా పని చెప్పే ప్రదేశాలు అనేకం ఉన్నాయి. ఆర్చెస్ నేషనల్ పార్కు వాటిలో ఒకటి. గత అక్టోబరులో మేము మా అమ్మాయి కుటుంబంతో కలిసి డెన్వర్ నగరం నుండి కారులో బయలుదేరి, సుమారు 570 కిలోమీటర్లు ప్రయాణించి, మోయాబ్ అనే చిన్న పట్టణంలో దిగాము. సాల్ట్ లేక్ సిటీ నుండి వచ్చేవారికి దూరం ఇంకా తక్కువ, దాదాపు 4 గంటల ప్రయాణం. పార్కు ద్వారం పట్టణానికి ఆనుకొన్నంత దగ్గరలోనే ఉంటుంది.

1929లో అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ ఈ ప్రాంతాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. 1971లో దీనికి జాతీయ ఉద్యానపు హోదా లభించింది. దీని విస్తీర్ణం దాదాపు 310 చదరపు కిలోమీటర్లు. అందులో లెక్కకు ఎక్కిన తోరణాలు 2 వేలకు పైగా ఉన్నాయి. రాతిలో కన్నం పడినంత మాత్రాన దానిని తోరణమని లెక్కించరు. ఆ ఖాళీ ఏదో ఒక దిశలో కనీసం 3 అడుగులు ఉండాలని అక్కడ నియమం. మన తిరుమల కొండలపై ఉన్న శిలాతోరణాన్ని చూసినవారికి ఈ సంఖ్య వింతగా తోచవచ్చు. దాదాపు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల ఆ ఒక్క తోరణాన్నే మన దేశపు భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. అది క్వార్ట్జైట్ అనే మిక్కిలి కఠినమైన రాయి. యూటాలోనివి ఇసుకరాతి తోరణాలు. చేతితో రుద్దితే వేళ్ళకు ఇసుక అంటుకొనే రాయి అది. అంత మెత్తని రాయి అంతటి తోరణాలుగా ఎలా నిలుస్తున్నదన్న ప్రశ్న మమ్మల్ని దారి పొడవునా వెంటాడింది. దానికి సమాధానం చాలా లోతుల్లో ఉన్నది.

సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రితం అక్కడ సముద్రం ఉండేదట. అది పలుమార్లు ఎండిపోయి, తిరిగి నిండి, అడుగున వందల మీటర్ల మందాన ఉప్పు పేరుకుపోయింది. దానిపై కోట్ల ఏళ్ళపాటు ఇసుక, మట్టి, ఒండ్రు కప్పబడి, గట్టిపడి రాళ్ళయ్యాయి. ఉప్పుకు ఒక స్వభావం ఉంది. పైనుండి బరువు మోపితే అది రాయివలె నిలవదు, ముద్దవలె నెమ్మదిగా పక్కలకు జరుగుతుంది. అలా జరిగిన ఉప్పు కొన్నిచోట్ల పైకి ఉబికింది, మరికొన్ని చోట్ల కుంగింది. ఆ ఒత్తిడికి పైనున్న ఇసుకరాయి, కత్తితో గీసినట్లుగా, సమాంతరమైన పగుళ్ళుగా చీలిపోయింది. ఆ పగుళ్ళలోకి వాననీరు దిగి వాటిని వెడల్పు చేసింది. మధ్యలో మిగిలినవి ఎత్తైన, పలుచని రాతిగోడలు. నిలబెట్టిన రొట్టె ముక్కలవలె అవి వరుసగా కనిపిస్తాయి.

ఆ గోడలలోని ఇసుక రేణువులను పట్టి ఉంచేది సున్నపు పదార్థం. వాననీటిలోని స్వల్పమైన ఆమ్లగుణం దానిని కరిగిస్తుంది. చలికాలపు రాత్రులలో పగుళ్ళలోని నీరు గడ్డకట్టి, వ్యాపించి, రాతిని విప్పుతుంది. గోడ అడుగున మెత్తని పొర ముందుగా రాలిపోతుంది, ఆపై నుండి పెచ్చులు ఊడుతాయి, ఒకనాటికి గోడకు ఆవలి వెలుగు ఈవలికి కనిపిస్తుంది. ఇదంతా నీరు చేసిన పని. ఆ నీరు ఎంత? అక్కడ ఏడాది మొత్తానికి కురిసే వాన 20 నుండి 25 సెంటీమీటర్లు మాత్రమే. మన అనంతపురం జిల్లా కరువు సీమ అని పేరుపడినది, అక్కడ కూడా దీనికి రెట్టింపు పడుతుంది.

మిగిలిన రాయి ఎందుకు వెంటనే రాలిపోదన్నది ఇంకా ఆసక్తికరమైన విషయం. 2014లో చెక్ దేశానికి చెందిన యిర్జీ బ్రూథాన్స్, ఆయన సహచరులు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. ఇసుకరాతి ఘనాలపై బరువు మోపి, వాటిని నీటిలో ఉంచి చూశారు. రాయి అంచుల నుండి రాలుతూ రాలుతూ సన్నబడింది. అయితే ఒక దశకు చేరాక రాలడం ఆగిపోయింది. మిగిలిన సన్నని భాగంపైనే బరువంతా పడడంతో, అక్కడి రేణువులు ఒకదానినొకటి గట్టిగా బిగించి పట్టుకున్నాయి. గాలి తీసేసి బిగించిన బాస్మతి బియ్యం ప్యాకెట్టును మన ఇళ్ళలో అందరూ చూసే ఉంటారు. కోయకముందు అది ఇటుక. కత్తెర తగలగానే గింజలు జలజలా జారిపోతాయి. గింజ అదే. ఒత్తిడి ఉన్నంతసేపూ గట్టిదనం. తోరణం విషయంలో కూడా బరువు మోయని భాగాలు రాలిపోతాయి, మోసే భాగాలు మిగులుతాయి. చివరకు ఆ మోసే భాగమే మనకు తోరణమై కనిపిస్తుంది.

ఇక నడక విషయానికి వద్దాము. పార్కులో చక్కని రోడ్డు ఉంది, కారులో కూర్చొనే కొన్ని తోరణాలను దూరం నుండి చూడవచ్చు. కాని తోరణం క్రింద నిలిచి తల పైకెత్తితే గాని దాని పరిమాణం మనసుకు అందదు. నడవలేనివారి కోసం, చిన్న పిల్లల కోసం విండోస్ అనే ప్రాంతం అనుకూలమైనది. అక్కడి డబుల్ ఆర్చ్‌కు రానుపోను కలిపి ఒక కిలోమీటరు నడక. ఒకే మూలం నుండి రెండు తోరణాలు రెండు దిక్కులకు సాగుతాయి. పెద్దదాని వెడల్పు 44 మీటర్లు, ఎత్తు 34 మీటర్లు. పదకొండు అంతస్తుల భవనం దాని క్రింద ఇముడుతుందని మా అల్లుడు లెక్క కట్టి చెప్పాడు. మా మనవరాలికి 9 ఏళ్ళు, మనవడికి 6. ఆ నీడలో బండల మీద వారు ఎక్కి దిగుతుంటే రంగురంగుల చీమలవలె కనిపించారు.

అసలైన నడక డెలికేట్ ఆర్చ్ వద్దకు. యూటా రాష్ట్రపు వాహనాల నంబరు పలకలపై మీరు చూసే తోరణం అదే. 2002 శీతాకాల ఒలింపిక్స్ జ్యోతి కూడా దాని క్రింది నుండి సాగింది. రానుపోను 4.8 కిలోమీటర్ల దారి, ఎక్కవలసిన ఎత్తు సుమారు 150 మీటర్లు. అంకెలు చూస్తే మన చార్మినార్ చుట్టుపక్కల ఒక సాయంత్రం తిరిగినంతే కదా అనిపిస్తుంది. అలా అనుకొని చేతిలో అరలీటరు సీసాతో బయలుదేరినవారిని మేము ఆ దారిలో పలువురిని చూశాము. అక్కడ పేర్కొనదగిన నీడ లేదు. దారిలో నీరు దొరకదు. పార్కు లోపల తినుబండారాలు అమ్మే దుకాణం కూడా లేదు. వేసవిలో ఉష్ణోగ్రత 38 డిగ్రీలు దాటడం అక్కడ సాధారణం. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్లే తెలియదు, పట్టిన మరుక్షణం ఆరిపోతుంది. మన కోస్తావారికి ఉక్కపోత తెలుసు గాని ఈ పొడి వేడి తెలియదు. చెమట కనిపించడం లేదు కనుక దాహం లేదనుకోవడం అక్కడ ప్రమాదకరం.

ఈ ఒక్క నడకకే మనిషికి కనీసం 2 లీటర్ల నీరు, రోజంతా తిరిగేవారికి 4 లీటర్లు తీసుకువెళ్ళమని పార్కు అధికారులు చెబుతారు. మేము అక్షరాలా పాటించాము. నీటితో పాటు ఉప్పు పదార్థాలు కూడా ఉండాలి. వట్టి నీరే త్రాగుతూ పోతే ఒంటిలోని లవణాలు పలుచబడి మరొక చిక్కు వస్తుంది. మా శ్రీమతి ముందునాటి రాత్రే ఉప్పు వేరుశనగలు, కారప్పూస, నాలుగు మడతల రోటీలు మూట కట్టింది. అల్లుడు ఇంట్లో ఒక నియమం పెట్టాడు. తెచ్చుకున్న నీటిలో సగం అయిపోయిన చోట, తోరణం కనుచూపు మేరలో ఉన్నా సరే, వెనుదిరగాలి. పిల్లలు ముందు గొణిగారు, తరువాత తమ సీసాలలోని గీతలను తామే కాపలా కాయసాగారు. ఏ కుటుంబమైనా ఈ నియమం పెట్టుకొని బయలుదేరడం మేలని మా అభిప్రాయం. ఎండలో అలసిన తరువాత చేసే ఆలోచనకంటె, ఇంట్లో చల్లగా కూర్చొని చేసుకున్న నిర్ణయం నమ్మదగినది.

దారి మొదట్లో వుల్ఫ్ రాంచ్ అనే చిన్న మ్రానుల గుడిసె ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో గాయపడిన జాన్ వెస్లీ వుల్ఫ్ అనే వ్యక్తి 1898లో తన కుమారుడితో కలిసి ఇక్కడికి వచ్చి పశువులను పెంచాడు. 1906లో కూతురు కుటుంబంతో వచ్చి, తండ్రి ఉంటున్న పాకను చూసి, కొత్త ఇల్లు కట్టవలసిందేనని పట్టుబట్టిందట. ఇప్పుడు మిగిలినది ఆ కూతురి పట్టుదలతో లేచిన గుడిసె. దాని వైశాల్యం మన ఇళ్ళలోని ఒక గది పాటి ఉంటుంది. అందరూ అందులోనే ఉన్నారు. 1910లో వదిలి వెళ్ళిపోయారు. కొద్ది దూరంలో బండపై గుర్రాలనెక్కిన మనుషులూ కొమ్ముల గొర్రెలూ చెక్కిన బొమ్మలు ఉన్నాయి. యూట్ తెగవారు చెక్కినవి అవి. యూటా రాష్ట్రానికి పేరు వారి నుండే వచ్చింది. గుర్రాలు ఐరోపావారితో ఆ ఖండానికి వచ్చాయి గనుక, ఆ బొమ్మలు అంతకు తరువాతి కాలపువని సులభంగా గుర్తించవచ్చు.

ఆపైన మట్టి దారి ముగిసి, విశాలమైన వాలు బండ మొదలవుతుంది. అక్కడ కాలిబాట అంటూ కనిపించదు. చిన్న చిన్న రాళ్ళను ఒకదానిపై ఒకటి పేర్చిన గురుతులను చూసుకొంటూ ఎక్కాలి. పిల్లలు సరదాకు అటువంటి రాళ్ళ గుట్టలు కొత్తగా పేర్చడం, ఉన్నవాటిని కూల్చడం చేయరాదు. వెనుక వచ్చేవారు దారి తప్పుతారు. మేము ఉదయం 7 గంటలకే బయలుదేరాము గనుక బండ ఇంకా చల్లగా ఉంది. తిరుగుదారిలో అదే బండ పెనంవలె కాలింది. సాయంత్రం సూర్యాస్తమయానికి వెళ్ళేవారే ఎక్కువ. ఆ వేళ తోరణం నిప్పువలె మెరుస్తుందని అందరూ అంటారు. అలా వెళ్ళేవారు చీకటిలో దిగడానికి తలా ఒక టార్చిలైటు పెట్టుకోవాలి. చలికాలంలో వెళితే ఆ బండలపైనే మంచు గడ్డకట్టి ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

చివరి 200 గజాల దారి కొండ పక్కను తొలిచిన రాతి అంచుపై సాగుతుంది. ఒకవైపు గోడ, రెండోవైపు పల్లం. వెడల్పు చాలినంతే ఉంది, ఎదురెదురుగా వచ్చేవారు తప్పుకోగలరు. అయినా మా శ్రీమతి అక్కడ ఆగిపోయింది.

"నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు బేటా. ఇంతవరకు ఎక్కినందుకు తృప్తిగానే ఉంది. ఈ అంచు మీద నేను నడవను. మీరు వెళ్ళి రండి."

మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఇంత దూరం తల్లిని తీసుకువచ్చింది ఆ తోరణం చూపించడానికే కదా! "ఇంకొంచెమే అమ్మీ, చేయి పట్టుకుంటాను" అని రెండుసార్లు అన్నది. మా అల్లుడు మాత్రం బతిమాలలేదు. "అమ్మీ, నేను మీ దగ్గర కూర్చుంటాను. వీళ్ళు వచ్చాక నేను చూసి వస్తాను" అని సంచి దించాడు. ఆ మాటతో చర్చ ముగిసింది. ఈ సంగతి ఇంత వివరంగా వ్రాయడానికి కారణం ఉంది. తల్లిదండ్రులను సంతోషపెట్టాలన్న ఆత్రంలో పిల్లలు వారి శక్తిని మించి తిప్పడం, పిల్లల మనసు నొచ్చుకోరాదని పెద్దలు నొప్పిని దాచుకోవడం మన కుటుంబాలలో నిత్యం జరిగేదే. నగరంలో అయితే ఒక టాక్సీ పిలుచుకొని బయటపడవచ్చు. ఆ అంచుపై భయంతో కాళ్ళు వణికినా, మోకాలు పట్టేసినా, క్రిందికి చేర్చడానికి రక్షక సిబ్బంది స్ట్రెచరుతో రావలసి ఉంటుంది. వద్దని చెప్పగల పెద్దవారూ, ఆ మాటను వెంటనే మన్నించే చిన్నవారూ ఉంటే తప్ప ఇటువంటి నడకలకు బయలుదేరకపోవడమే మంచిది. ఒంటరిగా ఎవరినీ వదలకపోవడం అంతకంటె ముఖ్యం.

అంచు మలుపు తిరగగానే తోరణం ఒక్కసారిగా ఎదుట నిలుస్తుంది. అంతవరకు దారిలో ఎక్కడా కనిపించదు. పెద్ద రాతి గిన్నె వంటి వాలు, దాని అంచున ఒంటరిగా ఎర్రని తోరణం, దాని ఖాళీలో దూరాన లా సాల్ పర్వతాలు. ఖాళీ ఎత్తు 14 మీటర్లు, వెడల్పు 10 మీటర్ల లోపు. రాతిగోడ అంతా ఏనాడో పోయింది, తోరణం ఒక్కటే మిగిలింది. ఒక కాలు మధ్యలో ఎంత సన్నబడి ఉన్నదంటే, చూసే మన నడుముకే అదిరిపాటు పుడుతుంది. ఆ ప్రాంతపు పశువుల కాపరులు దీనికి తమ తోలు పంట్లాము పేరు పెట్టి పిలుచుకొనేవారట. 1930లలో శాస్త్రీయ పరిశీలనకు వచ్చిన బృందపు నాయకుడు ఫ్రాంక్ బెక్‌విత్ దీని సున్నితమైన చెక్కడాన్ని గురించి వ్రాసిన దరిమిలా ఇప్పటి పేరు స్థిరపడింది.

అక్కడ ఫోటోల కోసం ఒక వరుస ఏర్పడి ఉంది. ఒక కుటుంబం దిగగానే మరొక కుటుంబం. ఎవరూ తోసుకోలేదు. తోరణం ఎక్కడం మాత్రం నిషిద్ధం. 2006లో ఒక ప్రసిద్ధ పర్వతారోహకుడు దీనిపైకి ఎక్కగా దేశమంతటా విమర్శలు చెలరేగాయి, పేరున్న తోరణాలను ఎక్కరాదన్న నియమం ఆపై కట్టుదిట్టమయింది. దారి పక్కనే, డెలికేట్ ఆర్చ్‌ను చూడడానికి కిటికీవలె ఉండే మరొక చిన్న తోరణం ఉంది. 2016లో ఎవరో దానిపై తమ పేర్లను లోతుగా చెక్కారు. ఆ చెక్కడాన్ని పూర్తిగా చెరపాలంటే రాతినే అరగదీయాలి. గోల్కొండ గోడలపై ప్రేమికుల పేర్లు చదివి చదివి అలవాటుపడిన మనకు ఇది కొత్త విషయం కాదు. గోల్కొండ గోడకు సున్నం వేయగలము. ఇసుకరాతికి పైపూత లేదు.

నియమాల మాట వచ్చింది గనుక కాలి క్రింది మట్టి గురించి కూడా చెప్పాలి. కాలిబాట పక్కన నల్లగా, బుడిపెలుగా, మాడిన అన్నపు పొరలా కనిపించే నేల ఉంటుంది. చూపుకు అది వట్టి మట్టి. నిజానికి అది ప్రాణమున్న పొర. కంటికి కనిపించని సయనోబాక్టీరియా పోగులవలె అల్లుకొని ఇసుక రేణువులను కట్టిపడేస్తుంది, నాచులూ లైకెన్లూ దానిపై చేరుతాయి. గాలికి ఇసుక లేవకుండా, పడిన కాస్త వాన ఇంకేలా, మొక్కలకు నత్రజని అందేలా చేసేది ఆ పొరే. దానిపై ఒక్క అడుగు వేస్తే అది పిండి అవుతుంది, తిరిగి ఏర్పడడానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే రాతి మీద, ఇసుక వాగుల మీద, గుర్తించిన దారి మీద మాత్రమే నడవాలని రేంజర్లు పదేపదే చెబుతారు. మా మనవడికి ఈ సంగతి చెప్పగానే, పొర పక్కనుండి పోయిన ప్రతిసారీ నిద్రపోతున్న పసిబిడ్డ పక్కన నడిచినట్లు మునివేళ్ళపై నడవసాగాడు. అంత అవసరం లేదని చెప్పినా వినలేదు.

మరునాడు డెవిల్స్ గార్డెన్ ప్రాంతానికి వెళ్ళాము. అక్కడ త్రాగునీటి కుళాయి ఉంది, సీసాలు నింపుకోవచ్చు. రానుపోను 3 కిలోమీటర్ల చదునైన దారిలో ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ వస్తుంది. ఈ నడకకు మా శ్రీమతి అందరికంటె ముందు నడిచింది. ఆ తోరణం 93 మీటర్ల వెడల్పున ఒక కొండ పక్క నుండి మరో పక్కకు సాగుతుంది. ఉత్తర అమెరికాలో ఇంత పొడవైన తోరణం మరొకటి లేదు. మధ్యలో అతి సన్నని చోట దాని మందం సుమారు 2 మీటర్లే. ఎవరో రాతితో రిబ్బను చుట్టి ఆకాశానికి ఆనించినట్లుంటుంది.

1991 సెప్టెంబరు 1న దాని అడుగు భాగం నుండి 18 మీటర్ల పొడవైన రాతి పలక ఊడిపడింది. ఆనాడు దాని క్రిందకు కూడా దారి ఉండేది. నీడలో సేదతీరుతున్న యాత్రికులు పైన పగుళ్ళ శబ్దం విని లేచి తప్పుకున్నారు. ఎవరికీ గాయాలు కాలేదు, ఒకరు ఆ దృశ్యాన్ని వీడియోలో బంధించారు కూడా. అటుపిమ్మట క్రింది దారిని శాశ్వతంగా మూసివేశారు. ఇప్పుడు కంచె ఇవతల నిలిచి చూడవలసిందే.

మా మనవరాలు కంచె పట్టుకొని చాలాసేపు చూసింది. "నానాజాన్, మనం ఇక్కడ ఉండగానే పడిపోతుందా?" అని అడిగింది.

"చెప్పలేము బేటీ. ఈ రోజే పడవచ్చు. నీ మనవలు వచ్చి చూసేదాకా నిలవనూవచ్చు."

"మరి సిమెంటు పెట్టి గట్టి చేయొచ్చు కదా?"

ఆ పిల్ల అడిగిన ప్రశ్ననే 1950లలో పెద్దలు కూడా అడిగారు. డెలికేట్ ఆర్చ్ సన్నని కాలు చూసి భయపడి, దానికి పారదర్శకమైన ప్లాస్టిక్ పూత పూస్తే ఎలా ఉంటుందని పార్కు విభాగంవారు నిజంగానే పరిశీలించారు. అది ఆచరణకు వీలుకానిదనీ, తమ విభాగపు మూలసూత్రాలకే విరుద్ధమనీ తేల్చి ఆ ఆలోచన మానుకున్నారు. ఆ నిర్ణయం సరైనదని మేము భావిస్తున్నాము. రాతిని తొలిచి తోరణాన్ని చేసిన నీరూ చలీ గురుత్వాకర్షణా, దానిని కూల్చేవి కూడా అవే. సగం పనిలో వాటి చేయి పట్టుకొని ఆపితే మిగిలేది ప్లాస్టిక్ తొడుగులోని బొమ్మ. అదే ఉద్యానంలోని స్కైలైన్ ఆర్చ్ నుండి 1940లో ఒక పెద్ద బండ రాలిపడగా, ఆ తోరణపు ఖాళీ దాదాపు రెండింతలయింది. ఆ బండ రాలకుండా ఎవరైనా జిగురు పెట్టి ఉంటే, ఇప్పటి స్కైలైన్ ఆర్చ్ మనకు లేనట్లే. యూటా విశ్వవిద్యాలయపు పరిశోధకులు తోరణాలపై కంపనలేఖినులను ఉంచి, అవి గాలికీ నేల కదలికలకూ ఎలా సన్నగా కంపిస్తున్నాయో కొలుస్తున్నారు. లోపల పగులు పెరిగితే ఆ కంపనపు తీరు మారుతుందట. వైద్యుడు నాడి పట్టి చూసినట్లు చూస్తున్నారు, శస్త్రచికిత్స మాత్రం చేయడం లేదు.

ఇదంతా మా మనవరాలికి చెబితే ఆమె ఒప్పుకోలేదు. పడిపోతుందని తెలిసి ఊరుకోవడం ఆమెకు నచ్చలేదు. తొమ్మిదేళ్ళ పిల్లకు నచ్చకపోవడమే సహజం. "కనీసం దాని క్రింద ఎవరూ లేనప్పుడు పడాలి" అని తీర్మానించి కంచె వదిలింది.

తిరుగుప్రయాణంలో సాండ్ డ్యూన్ ఆర్చ్ వద్ద ఆగాము. రెండు ఎత్తైన రాతిగోడల నడుమ ఇరుకు సందు, లోపల చల్లని నీడ, మోకాలి లోతున మెత్తని ఎర్ర ఇసుక, పక్కనే చిన్న తోరణం. పసిపిల్లలున్న కుటుంబాలు మధ్యాహ్నపు ఎండను ఇక్కడ గడపడం తెలివైన పని. దూకడానికి తోరణం పైకి మాత్రం ఎక్కనీయరాదు. మా పిల్లలు అక్కడ గంటసేపు గుంతలు తవ్వారు, గోపురాలు కట్టారు. మా శ్రీమతి చెప్పులు విడిచి ఇసుకలో పాదాలు పెట్టుకొని, మిగిలిన వేరుశనగలను అందరికీ పంచింది.

ఉద్యానం నుండి రాయి గాని, ఇసుక గాని, మొక్క గాని తీసుకుపోరాదు. మా మనవడు ఒక సీసాలో ఎర్ర ఇసుక నింపుకున్నాడని కారు దగ్గరకు వచ్చాక తెలిసింది. అక్క తమ్ముడిని వెనుకకు తీసుకుపోయి, గోడల నడుమ దానిని ఒలికించి రమ్మన్నది. వాడు వెళ్ళి ఒలికించి వచ్చి, బూట్లు విప్పి, వాటిలోని ఇసుకను కూడా అక్కడే దులిపాడు.